ఇంద్రుడిచ్చిన జెండా

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు బరాత్‌లో డీజే బండి కదిలిందంటే యూట్యూబ్ జానపదం మోగాల్సిందే. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’కి మంచిర్యాల జిల్లాలో ఓ పెళ్లికూతురు ఆడిన వీడియో ఊరూరా తిరిగాక ఈ జోరు మరీ పెరిగింది. ఈ పాటలకు జ్యూరీ లేదు. కింద కనిపించే వ్యూస్ అంకే తీర్పు.

అమెరికాలో మాత్రం వీడియో పాటలకు ఏటా టీవీలో జాతరే జరుగుతుంది. 1984 సెప్టెంబర్ 14న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో ఎంటీవీ ఈ వీడియో మ్యూజిక్ అవార్డులను మొదలుపెట్టింది. గెలిచినవాళ్ల చేతికి వచ్చేది చంద్రుడి మీద జెండా పాతిన వ్యోమగామి బొమ్మ. ఆ మొదటి ఏడాది మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రేక్షకుల ఓట్లతో గెలిచింది. ఏడాది ఉత్తమ వీడియో బహుమతి మాత్రం ‘ది కార్స్’ బృందానికి దక్కింది. జనం ఒకటి అన్నారు, న్యాయనిర్ణేతలు ఇంకొకటి అన్నారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు అన్న వాదన నలభై ఏళ్లు దాటినా తెగలేదు.

జెండాను బహుమతిగా ఇవ్వడం మన దగ్గర చాలా పాత సంగతి. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఆ కథ ఉంది. ఇంద్రధ్వజ మహోత్సవంలో భరతుడి కొడుకులు తొలి ప్రదర్శన ఇచ్చారు. దేవతలు మురిసిపోయి తలా ఒకటి చదివించారు. ఇంద్రుడు తన జెండా, వరుణుడు బంగారు కలశం, సూర్యుడు గొడుగు, విష్ణువు సింహాసనం ఇచ్చారు. ఒక రకంగా అదే మొదటి అవార్డు ఫంక్షన్. గొడవ కూడా అక్కడే మొదలైంది. నాటకంలో తమ ఓటమిని చూపిస్తుంటే అసురులకు ఒళ్లు మండి, నటుల మాటా కదలికా కట్టేశారు. ఇంద్రుడు ఆ జెండా కర్రతోనే వాళ్లను చితకబాదాడు. 2009లో ఇదే ఎంటీవీ వేడుకలో గాయని టేలర్ స్విఫ్ట్ బహుమతి అందుకుంటుండగా కాన్యే వెస్ట్ వేదికెక్కి మైకు లాక్కున్నప్పుడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. భరతుడైతే పెద్దగా ఆశ్చర్యపోయి ఉండడు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పాట దేవుడికి నివేదన అయితే, దానికి మనుషులు మార్కులు వేయొచ్చా?

వేయొచ్చనే అంటాడు భరతుడు. ఇరవై ఏడో అధ్యాయంలో న్యాయనిర్ణేతలను పేరుపేరునా చెప్పాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, సంగీతజ్ఞుడు, రాజోద్యోగి. బాణం వేసే తీరును విలుకాడు చూడాలి, రాజఠీవిని రాజు చూడాలి. ఎవరి పని వాళ్లే తూచాలి. గెలిచిన బృందానికి పతాకం ఇవ్వాలి. ఐదో వేదమని చెప్పుకునే గ్రంథమే పోటీకి ఇంత ఏర్పాటు చేస్తే, అవార్డంటేనే అపచారమని తేల్చేయడం కుదరదు.

అయితే అక్కడే ఒక మెలిక పెట్టాడు. ప్రదర్శన ఫలించడం రెండు రకాలట. నవ్వులు, మెచ్చుకోళ్లు, జనం లేచి నిలబడి ఉంగరాలూ బట్టలూ విసరడం మానుష సిద్ధి. చప్పుడు లేక, కలవరం లేక, ఏ ఉత్పాతమూ లేక, కిక్కిరిసిన రంగస్థలం నిండుగా ఉండిపోతే అది దైవ సిద్ధి. టీవీ ఫంక్షన్‌కు మొదటిదే ప్రాణం. రెండో రకం ఫలితం వస్తే కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు సౌండ్ పోయిందేమోనని కంగారు పడతారు. అవార్డు కొలవగలిగింది మానుష సిద్ధినే. ఆ మేరకు అది న్యాయమైనదే. పాటకు ఉన్న విలువంతా తానే తేల్చానని చెప్పుకున్నప్పుడే పేచీ.

తెలుగువాళ్లు ఈ పేచీని ఇద్దరు కవుల మీద పెట్టి చెప్పుకున్నారు. శ్రీనాథుడు ప్రౌఢ దేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడు. పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని చెబుతారు. జనం మనసు పోతన వైపే మొగ్గుతుంది. కానీ అదే శ్రీనాథుడు హరవిలాసం, కాశీఖండం రాశాడు. నెత్తిన బంగారం కురిసినంత మాత్రాన ఆయన శివభక్తి తరిగిందని ఎవరైనా అనగలరా?

అవార్డు వద్దన్నవాళ్లు ఈ కాలంలోనూ ఉన్నారు. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ 1996లో ఎంటీవీకి ఉత్తరం రాసి, ఉత్తమ గాయకుడి నామినేషన్ నుంచి తన పేరు తీసేయమన్నాడు. తనకు పాటనిచ్చే దేవత పందెపు గుర్రం కాదన్నది ఆయన అభ్యంతరం. మన దగ్గర ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలో చెల్లెలి మీద రాసిన పాటకు నంది అవార్డు వస్తే ప్రజా గాయకుడు గద్దర్ తీసుకోలేదు. ఒకరు దేవత పేరుతో కాదన్నారు, ఇంకొకరు జనం పేరుతో కాదన్నారు. పాట తమ సొంత ఆస్తి కాదన్న దగ్గర ఇద్దరూ కలిశారు.

భరతుడి కొలతకూ లొంగని చోటు ఒకటి సూర్యాపేట పక్కనే ఉంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది, 2025 ఫిబ్రవరిలోనూ జరిగింది. యాదవుల భేరీలు మోగుతుంటే, కాళ్లకు గజ్జెలు కట్టినవాళ్లు కత్తులు తిప్పుతూ ‘ఓ లింగా’ అని అరుస్తూ గుట్టెక్కుతారు. నెత్తిన గంపలతో ఆడవాళ్లు వెంట నడుస్తారు. ఊరూరి నుంచి వచ్చిన డప్పులు ఒకదాన్నొకటి మింగేస్తాయి, పక్కమనిషి మాట వినపడదు. చప్పుడు లేకపోవడమే దైవ సిద్ధి అంటే ఇక్కడికి దేవుడు రానట్టే. అలా అనే ధైర్యం ఆ గుట్ట మీద ఎవరికీ ఉండదు. ఇక్కడ అందరూ ఆడేవాళ్లే. మార్కులు వేయడానికి పక్కన ఒడ్డున నిలబడ్డవాడంటూ దొరకడు. బరాత్‌లో ఆ పెళ్లికూతురు కూడా ఇలాగే ఆడింది. చూసినవాళ్ల లెక్క తర్వాత వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సినిమా అవార్డులకు గద్దర్ పేరే పెట్టింది. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో మొదటిసారి ప్రదానం చేశారు. ఒకప్పుడు అవార్డు వద్దన్న మనిషి పేరే అవార్డయింది. 1979లో ‘మా భూమి’ సినిమాలో ఆయన గొంగడేసుకుని పాడిన ‘బండెనక బండి గట్టి’ సినిమా కోసం పుట్టింది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన బండి యాదగిరి కట్టిన పాట అది, సూర్యాపేట ప్రాంతపు పాట. ఆ ఏడాది అవార్డుల జ్యూరీ ముందుకు ఆ పాట వచ్చిందే అనుకుందాం. ఉత్తమ గేయ రచయిత విభాగంలో వాళ్లు ఎవరి పేరు పిలవాలి? పిలిస్తే వేదికెక్కి అందుకునేదెవరు?