గ్రామసభలో మన చోటు



చాపాడులో గ్రామసభ అనగానే "మనకెందుకులే ఫాదర్, పెద్దోళ్లు చూసుకుంటారు" అంటారు మీరు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ ఆ సభకు సభ్యులే, సర్పంచి పిలిచిన చుట్టాలు కారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా ఒకే రోజున సభలు పెట్టి ఉపాధి హామీ పనులు తీర్మానించారు. మీలో ఎందరు వెళ్లారు?

యెరూషలేములో అనుదిన పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవలకు అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపోస్తలులు దాన్ని గుట్టుగా సర్దేయలేదు, శిష్యులందరినీ సమావేశపరచారు. ఏడుగురిని ఎన్నుకొన్నది ఆ సభే (అపో.కా. 6).

మన సీమలో నోరు తెరిస్తే ఏ వర్గమని అడుగుతారు, నిజమే. కనుక ఒంటరిగా పోకండి. పింఛను రాని ముసలమ్మను ముందు కూర్చోబెట్టండి. నేనూ కుర్చీ వద్దని మీ ప్రక్కనే కూర్చుంటాను. అక్కడ నాదీ ఒక్క ఓటే. మీరన్న మాట తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చదివించుకొని, ఆ తరువాతే వేలిముద్ర వేయండి.