సవారీ కోసమా, శోభ కోసమా?

సింగరేణి ప్రాంతంలో దసరా, దీపావళి ముందు రోజులు ఆ పండుగలు చేసుకునేవారికే కాదు, అన్ని ఇళ్ళలోనూ లెక్కలు వేసుకునే రోజులు. లాభాల వాటా, దాని వెనకే బోనసు చేతికందే కాలమది. 2023లో 11వ వేతన ఒప్పందం బకాయిలు కార్మికుల ఖాతాల్లో ఒక్కసారిగా జమ అయ్యాయి. 2024లో లాభాల్లో 33 శాతం వాటాగా 796 కోట్ల రూపాయలు పంచారు. పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. ఆ ఏడాదే మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5 వేల రూపాయలు ఇచ్చారు. ఈ రెండు అంకెలనూ పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. వాటితో తరువాత పని ఉంది.

ఇలా చేతికందిన డబ్బు కొందరికి ఇంటి స్లాబు అవుతుంది, కొందరికి ఆడపిల్ల పెళ్ళి అవుతుంది. ఈమధ్య చాలామందికి కారు అవుతోంది. కొత్తది కొనే స్థోమత లేనివారు సెకండ్‌హ్యాండ్ బండ్ల కోసం మంచిర్యాల, కరీంనగర్ తిరిగి వస్తున్నారు.

రామకృష్ణాపూర్‌లో ఉంటున్న ఒక సోదరుడు మాకు ఉత్తరం రాశారు. తండ్రి గనిలో చాలా ఏళ్ళు పనిచేసి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ స్థానంలో ఆయనకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అబ్బా, అమ్మీ, పెళ్ళికాని చెల్లెలు, భార్య, ఇద్దరు పిల్లలు, తాను. మొత్తం ఏడుగురు. అమ్మీకి మోకాళ్ళు అరిగిపోయాయి. అబ్బాను ఊపిరితిత్తుల జబ్బుకు నెలకోసారి హైదరాబాదు తీసుకుపోవాలి. బకాయిలూ, వాటాలూ కూడబెట్టగా ఏడు లక్షలున్నాయి. ఎనిమిదిన్నర లక్షలకు రెండు బండ్లు దొరుకుతున్నాయి. ఒకటి ఏడు సీట్ల ఎర్టిగా, రెండోది థార్. తక్కువ పడే లక్షన్నర ఫైనాన్సులో తీసుకోవచ్చని అమ్మేవారు చెప్పారట. ఇంట్లో అందరూ ఎర్టిగా అంటున్నారు. ఆయన మనసేమో థార్ మీద ఉంది. శుక్రవారం సెలవు దొరికితే నమాజు తరువాత గాంధారి ఖిల్లా వైపు అడవి దారుల్లో నడపాలని చిన్నప్పటి నుంచి కోరికట. మసీదులో ఒక పెద్దాయన "అది ఇస్రాఫ్, హరామ్" అన్నారు. తోటి కార్మికుడు "సంపాదించేది నువ్వు, నీ ఇష్టం" అన్నాడు. "నచ్చిన బండి కొనుక్కోవడం పాపమా?" అన్నది ఆయన ప్రశ్న.

ముందుగా పెద్దాయన మాట గురించి. అల్లాహ్ హరామ్ చేయనిదాన్ని హరామ్ అనడం కూడా హద్దు మీరడమే. ఈ విషయంలో మన మసీదుల్లో నాలుకలు చాలా తేలికగా కదులుతున్నాయి. దివ్య ఖుర్ఆన్‌లో నహ్ల్ సూరా 8వ ఆయతును చూడండి. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను అల్లాహ్ ఎందుకు పుట్టించాడో అక్కడ చెబుతూ రెండు ప్రయోజనాలు పేర్కొన్నాడు. ఒకటి మీరు ఎక్కి వెళ్ళడానికి, రెండోది మీకు శోభగా ఉండడానికి. ఆ వెంటనే, మీకు తెలియనివి ఇంకా ఎన్నో సృష్టిస్తాడని అన్నాడు. ఈనాటి వాహనాలన్నీ ఆ మాటలోకే వస్తాయని మన ఉలమా చెబుతారు. కాబట్టి బండిని చూసి ముచ్చటపడడం మనిషిలో లోపం కాదు. సృష్టికర్త దాన్ని తన అనుగ్రహాల జాబితాలోనే చేర్చాడు. అయితే సవారీని ముందు పేర్కొని శోభను తరువాత పేర్కొన్న ఆ వరుసను కూడా గమనించాలి.

దైవప్రవక్త (స) స్వయంగా గుర్రప్పందాలు పెట్టించారు. శిక్షణ పొందిన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు, శిక్షణ లేనివాటిని అక్కడి నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు పరుగెత్తించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ పోటీలో తానూ పాల్గొన్నానని ఇబ్నె ఉమర్ చెప్పుకున్నారు. ప్రవక్త (స) వారి అజ్బా అనే ఆడ ఒంటెను ఏ ఒంటే దాటలేకపోయేదట. ఒకనాడు ఒక పల్లెవాసి ఒంటె దాన్ని దాటిపోయింది. సహాబాలకు అది కష్టంగా తోచింది. ఈ లోకంలో పైకెత్తబడిన ప్రతిదాన్నీ అల్లాహ్ కిందికి దించుతాడని ప్రవక్త (స) వారికి తెలియజేశారు. వేగం, పోటీ, గెలుపు, చిన్నబుచ్చుకోవడం అన్నీ ఆ సమాజంలో ఉన్నాయి. ఆ సరదాను ఎవరూ పాపమనలేదు. దాని స్థానం ఎక్కడో మాత్రం నేర్పారు.

కనుక థార్ హరామ్ కాదు. ఇంతటితో ప్రశ్న తీరిపోయిందని తోటి కార్మికుడు అనుకోవచ్చు. "నీ ఇష్టం" అన్న మాట వద్దకు ఇప్పుడు వద్దాము.

సహీహ్ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన సుప్రసిద్ధ హదీసు ఉంది. గుర్రం మూడు రకాల మనుషుల దగ్గర మూడు రకాలుగా ఉంటుంది. ఒకరికి అది పుణ్యం, ఒకరికి పరువు కాపాడే తెర, ఒకరికి పాపభారం. గుర్రం ఒకటే, మారింది యజమాని. అల్లాహ్ మార్గంలో కట్టేసుకున్నవానికి అది తిన్న గడ్డి కూడా పుణ్యం. ఒకరి ముందు చేయి చాచకుండా బతకడానికి ఉంచుకుని, దాని మెడ మీద, వీపు మీద ఉన్న అల్లాహ్ హక్కును మరువనివానికి అది తెర. గొప్పలకూ, పదిమందికి చూపడానికీ కట్టేసుకున్నవానికి అది భారం. వీపు మీద హక్కు అంటే అక్కరలో ఉన్నవారిని ఎక్కించుకోవడమని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పారు. అర్ధరాత్రి పక్క క్వార్టరులో ప్రసవ నొప్పులు మొదలైతే ఏరియా ఆసుపత్రికి ఎవరి బండి కదులుతుంది? ఆ హక్కు అదే.

ఆ హదీసు చివరి భాగాన్ని మన ప్రసంగాల్లో ఎక్కువగా చెప్పరు. మరి గాడిదల సంగతేమిటని ఎవరో అడిగారు. వాటి గురించి ప్రత్యేకంగా ఏమీ అవతరించలేదని చెప్పి, అణువంత మంచికీ, అణువంత చెడుకూ లెక్క ఉంటుందని తెలిపే జిల్‌జాల్ సూరా ఆయతులను ప్రవక్త (స) గుర్తు చేశారు. అంటే ప్రశ్న గుర్రానికే పరిమితం కాదు. ఎర్టిగాలో కూర్చుని గర్వపడేవాడూ ఉంటాడు. "మాది ఏడు సీట్ల బండి" అని ఊరంతా చెప్పుకుని, ముసలి అత్తను బస్టాండులో వదిలేసి వచ్చేవాడూ ఉంటాడు. ఉపయోగకరమైన వస్తువు కొన్నంత మాత్రాన ఉద్దేశం శుద్ధమైపోదు.

మరి గర్వాన్ని కొలిచేదెలా? మంచి దుస్తులు, మంచి చెప్పులు ఇష్టపడడం గర్వమా అని ఒకరు అడిగితే, కాదు, సత్యాన్ని తిరస్కరించడం, జనాన్ని చిన్నచూపు చూడడమే గర్వమని ప్రవక్త (స) తెలిపారు (ముస్లిం). మొదట చెప్పిన రెండు అంకెలతో పని ఇక్కడే. ఒకే గల్లీలో, ఒకే బొగ్గు దుమ్ములో పనిచేసే ఇద్దరిలో ఒకరికి లక్షా 90 వేలు, మరొకరికి 5 వేలు వచ్చాయి. ఆ రెండో మనిషి గుమ్మం ముందు నుంచి మన బండి వెళ్ళేటప్పుడు మన చేయి హారన్ మీద ఎలా పడుతుందో, కళ్ళు ఎవరిని వెతుకుతాయో మనకే తెలుస్తుంది.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వెళ్ళినప్పుడు ఆయనకు ఒక గుర్రాన్ని ఇచ్చారు. అది వయ్యారంగా అడుగులు వేయసాగింది. కొట్టినా దాని నడక మారలేదు. ఆయన దిగిపోయారు. తన మనసులో మార్పు కనిపించేసరికి దిగానని ఆయన అన్నట్లు ఇబ్నె కసీర్ తన తఫ్సీర్‌లో ఉల్లేఖించారు. గుర్రం హరామ్ అని ఆయన అనలేదు. ఇతరులను ఎక్కవద్దనీ అనలేదు. ఎక్కినప్పుడు తనకేమైందో చూసుకున్నారు. ఈ పరీక్షను మనకోసం మరొకరు చేయలేరు. మసీదు పెద్దాయనా చేయలేడు, మేమూ చేయలేము.

అయితే కొన్ని విషయాలు మనసుకు సంబంధించినవి కావు, హక్కులకు సంబంధించినవి. వాటిపై మేము సూటిగానే చెప్పగలము. మన ఫుఖహా మనిషి అవసరాలను మూడు మెట్లుగా చూశారు. అది లేకపోతే బతుకే చెడే జరూరియ్యాత్, లేకపోతే ఇబ్బందిపడే హాజియ్యాత్, ఉంటే అందమిచ్చే తహ్‌సీనియ్యాత్. కింది మెట్టు విరిగినచోట పై మెట్టు నిలవదు. 2020లో వచ్చిన థార్‌కు పక్కకు ఒక్కటే తలుపు. వెనుక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఎత్తుకు కాలు వేసి, నడుము వంచుకుని లోపలికి దూరాలి. చోటు నలుగురికే. ఐదు తలుపుల రకం 2024లో వచ్చింది గాని దాని ధర ఈ సోదరుని అందుబాటులో లేదు. ఆ తల్లి మోకాళ్ళతో ఆ సీటులోకి ఎక్కగలదా? ఏడుగురిలో ప్రతిసారీ ఇంటి దగ్గర ఆగిపోయే ముగ్గురెవరు? ఆడవాళ్ళే ఆగిపోతారని మాకు అనుమానం. తల్లిదండ్రుల హక్కు ఇక్కడ శోభకు ఎదురుగా నిలిచింది. అలా నిలిచినప్పుడు శోభ తప్పుకోవలసిందే. ఇదే సోదరుడు ఒంటరివాడో, ఇంట్లో ముగ్గురే ఉన్నవాడో అయితే మా జవాబు వేరుగా ఉండేది.

ఉత్తరం చివర ఆయన మరో మాట కూడా రాశారు. దాన్ని ఆయన ముఖ్యమనుకున్నట్లు లేదు. అబ్బా జబ్బు సమయంలో మామూజాన్ దగ్గర చేబదులుగా లక్షన్నర తీసుకున్నారట. "ఆయన ఏమీ అనుకోరు, తరువాత ఇవ్వవచ్చు" అని రాశారు. అసలు విషయం ఇదే. తీర్చగలిగి ఉండీ అప్పును వాయిదా వేయడాన్ని ప్రవక్త (స) జుల్మ్‌గా పేర్కొన్నారు (బుఖారీ, ముస్లిం). మామూజాన్ అడగకపోవడం ఆయన మంచితనం, అది మనకు అనుమతిపత్రం కాదు. పైగా ఆయన డబ్బును దగ్గర ఉంచుకుని, సరిగ్గా అంతే మొత్తం వడ్డీకి తెచ్చుకోబోతున్నారు!

"ఇది విలాసం కాదు, అబ్బా వైద్యం కోసం గనుక వడ్డీ ఫర్వాలేదు కదా" అని కొందరంటారు. తప్పనిసరి పరిస్థితి ఉన్నచోట షరీఅత్ సడలింపు ఇస్తుంది, నిజమే. కాని చేతిలో లక్షలుండి, వాటికి తగిన బండి బజారులో దొరుకుతున్నప్పుడు, మంచిర్యాల నుంచి హైదరాబాదుకు రైళ్ళు నడుస్తున్నప్పుడు తప్పనిసరి ఎక్కడిది? ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చు గాని, వడ్డీతో కొన్న ఎర్టిగా కంటే నగదుతో కొన్న థార్ మా దృష్టిలో తేలికైన విషయం. మొదటిదానిలో అల్లాహ్ నిషేధించింది ఉంది. రెండోదానిలో ఇంటివారి పట్ల లోటు మాత్రమే ఉంది.

ఇక లెక్క చూద్దాము. ఏడు లక్షల్లో మామూజాన్ లక్షన్నర తీసేస్తే ఐదున్నర లక్షలు. నిసాబ్‌కు మించిన ఆ సొమ్ముపై చాంద్రమాన సంవత్సరం గడిచి ఉంటే రెండున్నర శాతం చొప్పున 13,750 రూపాయలు జకాత్ చెల్లించాలి. కారు కొన్నాక సొంత సవారీకి ఉంచుకున్న ఆ కారుపై జకాత్ ఉండదు. హనఫీ ఫిఖహ్‌లో అది హాజతె అస్లియ్యా. అయితే బాకీపడ్డ జకాత్ కారు కొన్నంత మాత్రాన మాఫీ కాదు. మిగిలేది 5,36,250. ఎర్టిగా 2012 నుంచి వస్తోంది గనుక ఆ ధరలో పాతబడిన ఎర్టిగా వెతికితే దొరుకుతుంది. రంగు వెలిసి ఉండవచ్చు. మెకానిక్‌ను వెంట తీసుకుపోయి చూపించాలి. రీడింగును నమ్మకుండా సర్వీసు రికార్డు అడగాలి. పాత ఫైనాన్సు ఉంటే అది తీరిపోయినట్లు బ్యాంకు కాగితం చూసిన తరువాతే డబ్బు చేతిలో పెట్టాలి. టైర్లకూ, పేరు మార్పిడికీ కొంత అట్టిపెట్టుకోవాలి.

థార్ కోరికను ఏం చేయాలి? చంపుకోనవసరం లేదు. ఆయనకు ఇంకా వయసుంది, వాటాలు ఇంకా వస్తాయి, చెల్లెలి పెళ్ళి అయిపోతుంది. అప్పుడు నగదుతో, ఇంటివారి సవారీకి లోటు లేకుండా కొనుక్కుంటే మేము అభ్యంతరం చెప్పము. అప్పటిదాకా స్నేహితుల బండి ఇస్తే ఒక శుక్రవారం సాయంత్రం గాంధారి ఖిల్లా దాకా నడిపి, డీజిల్ పోయించి తిరిగి ఇవ్వవచ్చు. భార్యను కూడా తీసుకుపోతే మరీ మంచిది.

కారు కొనేముందు ఆయన తన పాత మోటారు సైకిలు అమ్మబోతున్నారట. దాని ఇంజను ఆయిలు తాగుతోందని ఉత్తరంలో ఆయనే రాశారు. ఒకసారి బజారులో ధాన్యం కుప్పలో ప్రవక్త (స) చేయి పెడితే లోపల తడి తగిలింది. తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని అడిగారు. కనుక కొనడానికి వచ్చినవారికి ఆయిలు సంగతి ముందే చెప్పి, బండి స్టార్ట్ చేసి పొగ చూపించి అమ్మాలి. ధర ఓ మూడు వేలు తగ్గినా సరే.