కాడి దింపిన సోమవారము

కన్నడదేశపు పెక్కు గ్రామములందును, దాని నానుకొనియున్న మన సీమపల్లెలు కొన్నింటను సోమవారమునాడు ఎద్దులకు కాడి కట్టరు. అది బసవన్న దినము. అదను తప్పునను భయమున్నను రైతు ఆనాడు అరక దింపియే యుంచును.

బొమ్మనహళ్ళిలో కాపురమున్న మనకు ఈ యాచారమును తలచుకొను పని యేల కలిగెనో హోసూరు రోడ్డు చూచిన తెలియును. తెల్లవారగనే బట్టలు కుట్టు కర్మాగారములకు గుంపులుగా పోవు స్త్రీలు. ఎలక్ట్రానిక్ సిటీ బస్సులలో కూర్చుండియే నిదురించు యువకులు. రాత్రి పదింటికి సముద్రముల కావలివారితో టెలిఫోనులో మాటలాడుచు అన్నము కలుపుకొను గృహస్థులు. 2025 ఆగస్టులో పసుపుమార్గపు మెట్రో మన బొమ్మనహళ్ళి మీదుగా నడువ నారంభించినపుడు, దారిలో మిగిలిన కాలము ఇంటికి దక్కునని సంతసించితిమి. పెక్కు ఇండ్లలో దానిని గూడ పనియే మ్రింగినది.

ఇట్లు మనిషి లోలోపల కాలిపోవుటకు ‘బర్న్‌ఔట్’ అను పేరు 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను న్యూయార్కు మనస్తత్వవేత్త వ్రాతతో ప్రచారమునకు వచ్చినది. ఆయన దానిని చూచినది సోమరులలో గాదు. ఉచిత వైద్యశాలలో మనసిచ్చి పనిచేయువారిలో. బలముడిగిపోవుట, పనిపై విముఖతయో వెటకారమో కలుగుట, చేతనగు పనియు చేతగాకుండుట దాని లక్షణములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనిని రోగమనలేదు. పనిచోట పుట్టి, చక్కబెట్టుట కెవరును పూనుకొనక పేరుకొనిన ఒత్తిడి ఫలమనినది.

దీనికి పెద్దలు చెప్పు మందు ఒక్కటే: దైవస్మరణ చేయుము, మనసు కుదుటపడును. కాదనము. కాని ఉదయము అరగంట ధ్యానము చేసి, ఆ బలముతో మరి నాలుగు గంటలు అధికముగా పనిచేయుటయే ఫలమైనచో, అది భక్తియా, కాడి రాచిన మెడకు పూసిన ఆముదమా?

ఎద్దు సెలవు కోరలేదు. అలసితినని ఋజువు చూపలేదు. విశ్రాంతి అలసినవాని కోరిక గాదు, కాడి పట్టినవాని వ్రతమని సోమవారపు ఆచారము చెప్పుచున్నది. గీత ఆరవ అధ్యాయము ఆహారమునకును, నిద్రకును, పనికిని మితము చెప్పినది. అది తనకు తాను చెప్పుకొనునది. మన క్రైస్తవ సోదరులు చదువు పాత నిబంధన ఇంకొక అడుగు ముందుకు వేసినది. అందలి విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానునితో ఆగక, దాసదాసీజనమును, ఎద్దును, గాడిదను గూడ పేరుపెట్టి చెప్పినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల హద్దును, ఒక దినము సెలవును విధించినపుడు చెప్పినదియు ఇంచుమించుగా ఇదియే.

ఇక మన యిండ్ల సంగతి. కచేరీలో మనము ఎద్దులమే కావచ్చును. ఇంట మాత్రము కాడి పట్టినవారము. ఉగాదినాడు ఇల్లాలు నాలుగింటికి లేచి బొబ్బట్లకు పూర్ణము రుబ్బి, అతిథులకు వడ్డించి, రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్దును. పనిమనిషికి ఆనాడు అంట్లు రెండింతలు. శనివారము ఒంటిపూట అని మగవాడు నియమము పట్టును. రాత్రి ఆయన ఉప్మా మాత్రము ఆమెయే చేయవలెను! మన భక్తి ఎవరి నడుముపై నిలిచియున్నదో చూచుకొనక సంపూర్ణారోగ్యమును గూర్చి ఉపన్యసించుట తగదు.

వారమున కొక పూట చాలును. సోమవారమే కానక్కరలేదు, ప్రార్థనకు పోవువారికి ఆదివారము, నమాజువారికి శుక్రవారము. ఆ పూట పొయ్యి వెలుగదు, ముందు కలిపియుంచిన పులిహోర చాలును. పనిమనిషికి జీతము కోయని సెలవు. టెలిఫోను బీరువాలో నుండును. పై యధికారి పిలుపు వచ్చినచో ఏమి గతియని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఒక్క రైతు తన యెద్దును విప్పినచో నష్టపోయెడివాడు; ఊరంతయు విప్పినది గనుకనే సోమవారము నిలిచినది. ఒకే కచేరీలో పనిచేయు మనవారు పదిమంది కలసి అడుగుట, ఒంటరిగా అడుగుట ఒకటి గావు.

కార్తీకమున కడపటి సోమవారము బసవనగుడి పెద్ద బసవన్న కడ కడలెకాయి పరిషెకు మనమందరమును పోవుచునే యుందుము. ఏ పూట యన్నది ఆలోగా ఇంటింట నిర్ణయించుకొనవచ్చును; ముందుగా ఇల్లాలిని అడిగి.