కానరానివారు లేనివారా?

స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో నగరమున, 1866 నాటి నగరాభివృద్ధి శాసనమునుబట్టి కూల్పనున్న పాత సందులను చిత్రించుటకై ఆ పనికేర్పడిన ట్రస్టువారు థామస్ ఆనన్ అను ఛాయాగ్రాహకుని నియోగింపగా, ఆతడు 1868 మొదలు 1871 వఱకు హైస్ట్రీటు, సాల్ట్‌మార్కెట్ మొదలగు వీథుల వెనుకటి యిఱుకుదారులలో తీసిన పటములు నేటికిని నిలిచియున్నవి. వానిలో సాల్ట్‌మార్కెట్ 46వ సందు పటమును నేను పలుమాఱు చూచితిని. ఆకాశమును సన్నని చీలికగా మాత్రమే మిగిల్చి లేచిన రాతిగోడలు, గడలపై ఆరవేసిన బట్టలు. రాతికిని రాతికిని నడిమి అతుకు సైతము వ్రేలితో తడవవచ్చునన్నంత స్ఫుటముగా గోడ కానవచ్చును. మనుష్యులు మాత్ర మట్లుగాదు. ఈ వరుస పటములలో కొన్నిచోట్ల, మొగ ముండవలసిన తావున పొగవంటి మఱక యొకటి యున్నది.

గాజుపలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యాఱకమునుపే చిత్రము తీయవలసిన కాలమది. ఆ చీకటిసందులలో వెలుతురు చాలక కటకపు మూతను చాలసేపు తెఱచియుంచవలసి వచ్చెడిది. కదలక నిలిచినవాడు పలకపై నిలిచెను. తల త్రిప్పినవాడు మసక యయ్యెను. తనదారిని నడచిపోయినవాడు లేనేలేడు.

లేడని యనవచ్చునా? మీమాంసకుడైన కుమారిలభట్టు అనుపలబ్ధిని, అనగా కానరాకుండుటను, ఆఱవ ప్రమాణముగా నంగీకరించెను. అద్వైతులును దానిని గ్రహించిరి. అయితే కానరాకుండుట యంతమాత్రమున అభావము సిద్ధింపదు. చీకటిగదిలో కుండ కానరాలేదని కుండ లేదనరాదు. దీపము వెలుగుచు, కన్ను పటువై, ఉన్నయెడల కనబడి తీరవలసినది కనబడకున్నప్పుడే లేదనుటకు మన కధికారము. యోగ్యానుపలబ్ధి యనగా నిదియే. నడచువానిని గ్రహించు యోగ్యత ఆ గాజుపలకకు లేదు గనుక, దాని సాక్ష్యము గోడలవఱకే చెల్లును. దినమెల్ల కూలికై తిరుగు పేదవానికి ఛాయాగ్రాహకుని యెదుట కదలక నిలుచు తీఱిక యెక్కడిది? చరిత్రపుటలలో వానిజాడ లేదని వానిని మఱచుట నాకు పాపముగానే తోచును.

ఈశ్వరుడు కానరాడు గనుక లేడనువారికిని నేనీ ప్రశ్ననే వేయుదును: మీ కన్ను అందులకు యోగ్యమా? కాని యిచ్చట ఆస్తికుడనైన నేను నిజాయితీతో నొకమాట యొప్పుకొనవలయును. అయోగ్యమైన కన్ను లేమిని స్థాపింపజాలనట్లే ఉనికిని సైతము స్థాపింపజాలదు. ఆ బట్టలనుండి వానిని ఉదికి ఆరవేసిన చేతిని, కనబడినదానికి కారణమును కల్పించుకొను అర్థాపత్తిచే, గ్రహింతుమందుమా, అట్టి చేతులను మన మన్యత్ర చూచియున్నాము. జగత్తులను ఆరవేసిన చేతిని చూచినవా రెవరు? జగత్కర్తను నిరాకరించినవాడు ఆ కుమారిలుడే యగుట నన్నెన్నియోమాఱులు కలతపెట్టినది.

అయినను పటమును మరల చేతికి తీసికొందును. గోడలు అంత స్ఫుటముగా నున్న ఆ సందులో బట్టల యంచులు మాత్రము కొంత అలుకుకొనిపోయినవి. ఆ దినమున అచ్చట గాలి వీచినది.