నిద్రించుచుండగా పెరుగునది

ధ్యాన భాగము: మార్కు 4:26–29



మన ప్రభువు చెప్పిన ఉపమానములలో మన నల్లరేగడి రైతులకు బొత్తిగా వివరింప నక్కరలేనిది ఒకటి కలదు. విత్తినవాడు ఇంటికి పోయి పడుకొనుటయు, వానికి తెలియకుండగనే చేను పచ్చబడుటయు, ఒకనాడు కొడవలికి పని కలుగుటయు అందలి కథ. నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న మా పల్లెవారికి ఇది శనగ చేని కథయే. వానలు వెనుకబట్టిన పిమ్మట విత్తిన శనగకు నీరు కట్టువాడు లేడు. నేలలో దాగిన పదునును, రాత్రి కురియు మంచును ఆధారము చేసికొని అది పెరుగును. నడుమ పురుగుమందు కొట్టు తిప్పలు లేవని కాదు. అయినను పెరుగుట అనునది మాత్రము రైతు గురకపెట్టుచుండగనే జరుగును.

ఈ ఉపమానము ఈ మధ్య నాకు చేని గట్టున గాక గుడి అరుగుమీద జ్ఞాపకము వచ్చినది. సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత మన సంఘపు కుర్రవాడొకడు, నంద్యాలలో ఇంటర్మీడియట్ చదువుచున్నవాడు, తన ఫోను అరుగుమీద పెట్టి, చేతులు కట్టుకొని ప్రక్కన కూర్చుండెను. తెరమీద కత్తులు మెరయుచున్నవి, రాక్షసులు కూలుచున్నారు, బంగారు నాణెములు జలజల రాలుచున్నవి.

"ఆడకుండా ఊరికే పెట్టినావేమిరా?" అంటిని.

"ఆడతానే ఉండాది అయ్యగారూ, దానంతటదే" అనెను.

ఫోను ఎరుగని పెద్దల కొరకు కొంచెము చెప్పవలెను. ఈ జాతి ఆటను పిల్లలు 'ఐడిల్ డంజన్' అందురు. డంజన్ అనగా పూర్వపు కోటల క్రిందనుండు చీకటి చెరసాల. ఆటలో అది అంతస్తు క్రింద అంతస్తుగా దిగిపోవుచుండును. "మన బెలుం గుహల మాదిరే, కాకపోతే దీనికి అడుగు లేదు" అని వాడు నాకు పోలిక చెప్పెను. మంచి పోలికయే. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. ఎంత దూరము నడచినను ఎక్కడనో ఒకచోట మెట్లు ఆగును. ఈ ఆటలో మెట్లు ఆగవు. నలుగురైదుగురు వీరులు, ముందు డాలు పట్టినవాడు, వెనుక విలుకాడు, వానికి వెనుక గాయములు మాన్పువాడు, వరుసగా దిగుచు పోరాడుచుందురు. మనము ఫోను మూసి నిద్రపోయినను లాభము నిలువదు. తెల్లవారి తెరచి చూచినయెడల పెట్టె నిండియుండును. ఆటకు రూపాయి ఖర్చు లేదు.

కాపరి తన మందలోని పిల్లలేమి ఆడుచున్నారో ఎరుగవలెను గదా అని నాకు నేను చెప్పుకొని, అదే ఆటను నా ఫోనులోను పెట్టించుకొంటిని. అది సాకు అని ఇప్పుడు తెలియుచున్నది.

వాడు నేర్పిన కిటుకులను దాచను. అవి మంచి లెక్కలే. మొదటి మాట, బంగారము కూడబెట్టి చూచుకొని మురియవద్దు. మనము లేనప్పుడు రాలు నాణెములు మనము ఫోను మూయునాటి బలమును బట్టి రాలును. గనుక మూయక మునుపే ఉన్నదంతయు వీరుల బలమునకు ఖర్చుపెట్టి పోవలెను. అందరికి తలా కొంచెము పంచుటకంటె, ఎక్కువ దెబ్బ కొట్టగల ఒకరిద్దరికి పెట్టుట మేలు. అపురూపముగా దొరకు రత్నములను తొందర పనులకు తగలేయక, ఎప్పటికిని నిలిచియుండు బలమునకే దాచవలెను. ప్రకటన చూచినయెడల పెట్టె రెట్టింపగుననును. ఒక్కొక్క ప్రకటన అర నిమిషము. దినమునకు పది చూచినయెడల నెలకు రెండున్నర గంటలు. ఆట ఉచితమని చెప్పువారు ఈ లెక్క చెప్పరు.

అన్నిటికంటె ముఖ్యమైన కిటుకు గోడను గూర్చినది. ఈ ఆటల వెనుకనున్న గణితమును తెలిసికొనుటకు 'కుకీ క్లిక్కర్' అను ఆటను చూచుట సులభము. ఫ్రాన్సు దేశస్థుడు జూలియన్ తియెన్నో దానిని 2013లో చేసెను. బిస్కత్తులు పెంచుటయే అందలి పని. అందులో ఒక వస్తువును కొన్న ప్రతిసారి దాని ధర నూటికి 15 వంతున హెచ్చును. ఐదు కొనునప్పటికి ధర రెట్టింపు. 50 కొనునప్పటికి మొదటి ధరకు 1,083 రెట్లు. 100 కొనునప్పటికి 11 లక్షల 74 వేల రెట్లు! చక్రవడ్డీకి అప్పు తెచ్చినవారికి ఈ నడక క్రొత్త గాదు. డంజనులో రాక్షసుల బలమును ఈ విధముగనే పెరుగును గనుక, ఎంతటి వీరులైనను ఒక అంతస్తున ఆగిపోవుదురు. అదే గోడ. అక్కడ కూర్చుండి గంటల తరబడి తల కొట్టుకొనువాడు వెనుకబడును. తెలివైనవాడు సంపాదించిన బంగారమంతయు విడిచి, కొద్దిపాటి నిలువ బలముతో మరల మొదటి మెట్టునకు పోవును. ఈసారి అదే గోడను త్వరగా దాటును. క్రొత్తగా ఆడువారు కూడబెట్టినదాని మీది మమకారముతో ఈ పని చేయలేరు. ఇది విన్నప్పుడు లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు జ్ఞాపకమునకు వచ్చెను; కొట్లు విప్పి పెద్దవి కట్టుటకు మారుగా వాడీ కిటుకు నేర్చియుంటే బాగుండునని నవ్వుకొంటిని.

చివరి కిటుకు విని నవ్వు ఆగినది. "ఊరికే చూడకూడదు అయ్యగారూ. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మిగతా టైం దాన్ని వదిలెయ్యాల." దానిని చూడకుండుటయే దానిని బాగుగా ఆడుట!

ఈ వింతను కనిపెట్టినవారు ఇదివరకే కలరు. 2002లో 'ప్రోగ్రెస్ క్వెస్ట్' అను ఆటను పరిహాసము కొరకే చేసిరి. వీరునికి పేరు పెట్టిన తరువాత ఆడువాడు చేయవలసిన పని ఏమియు లేదు, చూచుటయే. 2010లో అమెరికాలో ఇయన్ బోగోస్ట్ అను ఆచార్యుడు ఫేస్‌బుక్‌లో ఆవుల ఆటనొకదానిని పెట్టెను. ఆవును ఆరు గంటలకొకసారి వ్రేలితో ఒత్తవలెను, అంతే. ఇట్టి ఆటలు ఎంత వట్టివో చూపుటకే ఆయన దానిని చేసెను. జనులు దానినే శ్రద్ధగా ఆడిరి. 2011 సెప్టెంబరులో ఆయన ఆవులన్నిటిని మాయము చేసెను. ఆవులు పోయిన ఖాళీ జాగాను కొందరు ఇంకను ఒత్తుచునే యుండిరి.

ఇది పాపమా అని ఒక తల్లి నన్ను అడిగినది. పందెపు ఆటల సంగతి తేలికగా చెప్పవచ్చును. మన రాష్ట్రము 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పేకాటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటికి అడ్డుకట్ట వేయు చట్టము చేసినది. ఈ ఆటలో పందెము లేదు. రోగమా అనినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 నుండి అమలులోనున్న తమ రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చిన మాట నిజమే గాని, అందుకు పట్టు తప్పిపోవుటయు, అన్ని పనులకంటె ఆటయే ముందగుటయు, అది సాధారణముగా ఏడాది పాటు సాగుటయు గురుతులుగా చెప్పిరి. ప్రతి ఆటయు రోగము కాదు.

మన సంఘపెద్ద ఒకాయన ఒక్క మాటలో తేల్చివేసిరి: సోమరితనము. సామెతలు 6వ అధ్యాయములోని చీమను కూడ చూపిరి. నాకు ఆ మాట పూర్తిగా కుదురలేదు. ఆడువాడు సోమరి కాడు. వానికసలు విశ్రాంతియే లేదు. ఆమాటకు వచ్చినచో, ఉపమానములోని రైతు హాయిగా నిద్రపోయెను గదా. ప్రభువు వానిని సోమరి యనలేదు.

నేను మరియొక దారి వెదకితిని. "శనగ పండినయెడల ఒకరి కడుపు నిండును, నీ బంగారము ఎవరికి పెట్టగలవు?" అని కుర్రవానిని అడిగితిని. వాడు వెంటనే, "మీరు క్రికెట్టు చూస్తారు గదా అయ్యగారూ, అది ఎవరికి పెడతాది?" అనెను. నా నోరు మూతపడెను. వాడు చెప్పినది న్యాయమే. ఎవరి కడుపును నింపని సంతోషములు అనేకము కలవు, వాటిని దేవుడు మనకు నిషేధింపలేదు.

కాబట్టి ఇక మిగిలినది నా సంగతియే. దానినే వ్రాసెదను.

గడచిన వేసవిలో మన సంఘపు పడుచువాడొకడు బేల్దారి పనికి బెంగళూరు పోవుచు, పోవుటకు ముందటి రాత్రి మా యింటికి వచ్చెను. పేరు చెప్పను. చాపమీద కూర్చుండెను. బస్సు ఎన్ని గంటలకో చెప్పెను. నా చొక్కా జేబులో ఫోను వణికెను: పెట్టె నిండినది. తీసి చూచితిని. వాడు మేస్త్రీని గూర్చి ఏదో చెప్పుచుండెను. మరల చూచితిని, 200వ అంతస్తున పెద్ద రాక్షసుడు కూలుటకు సిద్ధముగా నుండెను. కొంతసేపటికి వాడు మాట ఆపెను. ఆపినది కూడ నేను వెంటనే గుర్తింపలేదు.

"అయ్యగారూ, మీకేదో పని ఉన్నట్టుండాది. మళ్లా వస్తాలెండి" అని లేచెను.

"కూర్చో నాయనా" అంటిని గాని నా బొటనవ్రేలు అద్దము మీదనే యుండెను. వాడు ప్రార్థన కూడ అడుగక పోయెను. తెల్లవారుజామున బస్సెక్కెను.

రెండు వారముల తరువాత వాని తల్లి చెప్పినది. భార్య అలిగి బిడ్డతో పుట్టింటికి పోయినదట. వాడు ఊరు విడుచుటకు మునుపు నేనొకసారి పోయి ఆ పెద్దలతో మాట్లాడవలెనని అడుగుటకు వచ్చెనట. ఒక పూట పని. నేను పోయియుందును. నా పని అదియే గదా.

గెత్సేమనేలో శిష్యులు ఒక్క గడియ మేలుకొనలేకపోయిరని ఎన్ని ప్రసంగములు చేసితిని! వారు అలసి నిద్రపోయిరి. నేను మేలుకొనియే యుంటిని. కిటుకు ప్రకారము ఆటను దానంతట దానికి వదిలియే యుంటిని. వీరులు నా సాయము లేకుండగనే పోరాడుచుండిరి. అయినను నేను దానిని వదిలి వచ్చినవాడను కాను. విత్తిన రైతు చేనిని నిజముగా వదిలి ఇంటికి వచ్చును. రాత్రి ఎవరైన తలుపు తట్టినయెడల వాని రెండు చెవులును ఆ వచ్చినవానివే. మొలక వానిని జేబులోనుండి పిలువదు. ఆటను చేసినవారికి మనము నిజముగా వదిలిపోవుట ఇష్టము లేదు. అందుకే పెట్టె నిండుటకు ఒక హద్దు పెట్టిరి, నిండినదని కబురు పంపుదురు. శనగ చేనికి ఆ తొందర లేదు.

ఆ మాట విన్న రాత్రియే ఆటను తీసివేసితినని వ్రాసిన బాగుండును గాని అది అబద్ధమగును. నాలుగు దినములు పట్టినది. చేతనున్న రత్నములు ఖర్చు చేసి తీసివేసెదనని ఒకనాడు, ఆదివారము తరువాత అని ఒకనాడు. నలుబది దాటినవానికి ఇంత పట్టినప్పుడు పదిహేడేండ్ల వానిని నేనేమని గద్దించుదును? కుర్రవాడు ఇంకను ఆడుచున్నాడు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. వాని ఫోను అరుగుమీద నుండగా వాని ముసలి అవ్వ పిలిచినయెడల ఒక్క పిలుపుకే లేచి పోవుచున్నాడు. అది నేను కనిపెట్టి చూచుచున్నాను. లేవని దినము వచ్చినప్పుడు మాట్లాడెదను.

బెంగళూరికి ఫోను చేసితిని. వెనుక కాంక్రీటు కలుపు యంత్రపు చప్పుడు. ఆ రాత్రి నీవు చెప్పదలచినది ఇప్పుడు చెప్పు నాయనా, వినుచున్నాను, అంటిని. "అదేం లేదులెండి అయ్యగారూ, అప్పుడేదో అనుకున్యా" అనెను. బిడ్డ సంగతి అడిగితిని. చాలసేపు యంత్రపు చప్పుడే వినబడెను.

సోమవారము ఆ అమ్మాయి పుట్టింటికి పోవుచున్నాను. ఇంత ఆలస్యముగా వచ్చిన నన్ను ఆమె తండ్రి లోపలికి పిలుచునో లేదో తెలియదు.