చేసిన మేలు ఎరగడం

కృతజ్ఞత గురించి రాయమంటే అందరం మొదట ఒకే మాట రాస్తాం: మనకు మేలు చేసినవారికి ధన్యవాదాలు చెప్పడమే కృతజ్ఞత అని. కానీ ధన్యవాదాలు అనే మాట మా ఇంట్లో ఒకరు ఇంకొకరితో అనగా నేను ఇంతవరకు వినలేదు. అమ్మ నాయనకు చెప్పదు, నాయన అవ్వకు చెప్పడు. అన్నం పెట్టిన అమ్మతో నేను ‘ధన్యవాదాలమ్మా’ అన్నాననుకోండి, జ్వరమేమో అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. హోసూరు బజారులో థాంక్స్ అంటాం. మైకు ముందు నిలబడితే తమిళంలో నన్రి అంటాం. ఇంట్లో మాత్రం ఏ భాషలోనూ అనం. మీ ఇళ్లల్లోనూ ఇంతే అనుకుంటాను. అట్లయితే మనకు కృతజ్ఞత లేదనా?

దీనికి జవాబు నాకు రెండు మాటల్లో దొరికింది. ఒకటి మనం రోజూ రాసే మాటే. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసిన. కృతజ్ఞుడు అంటే తనకు ఒకరు చేసినదాన్ని ఎరిగినవాడు. రెండోది తమిళ పాఠంలోది. తిరుక్కురళ్‌లో 133 అధికారాలు ఉన్నాయి కదా, అందులో 11వ అధికారం దీని గురించే. దాని పేరు ‘సెయ్‌న్నన్రి అరిదల్’. మాటకు మాట తెలుగు చేస్తే ‘చేసిన మేలు ఎరగడం’. నన్రి అంటే తమిళంలో మేలు అని కూడా అర్థం ఉంది, కృతజ్ఞత అని కూడా అర్థం ఉంది. రెండు భాషల్లోనూ ఈ మాటలు కట్టినవాళ్లు ‘చెప్పడం’ అనలేదు, ‘తెలియడం’ అన్నారు. ఇది నాకు చాలా నచ్చింది. చెప్పడం సులభం. తెలియడానికి కొంచెం పని పడుతుంది.

మా అవ్వకు చదువు రాదు. పక్కింటివాళ్లు కన్నడం మాట్లాడతారు. పండగకు వాళ్లు గిన్నెలో ఒబ్బట్లు పెట్టి పంపుతారు. అవ్వ ఆ గిన్నెను ఏనాడూ ఒట్టిగా తిరిగి పంపదు. పిడికెడు అనపగింజలో, బెల్లం ముక్కో వేస్తుంది. ఏమీ లేనినాడు చిటికెడు చక్కెరైనా వేసి నా చేతికిస్తుంది. “ఒట్టి గిన్నె పంపితే వాళ్లు పెట్టింది మనం మరిచిపోయినట్టే గదే” అంటుంది. మా అవ్వ నోట థాంక్స్ రాదు గానీ గిన్నె మాత్రం ఖాళీగా పోదు.

అయితే దీనివల్ల మనిషికి సంతోషం పెరుగుతుందని అవ్వ ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి మా టీచర్ క్లాసులో చెప్పారు. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చు వేశారు. కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేసి, వారానికొకసారి చొప్పున పది వారాలు రాయమన్నారు. మొదటి గుంపు తమకు కృతజ్ఞత కలిగించిన సంగతులు అయిదు దాకా రాయాలి. రెండో గుంపు చిరాకు పెట్టిన సంగతులు రాయాలి. మూడో గుంపు ఆ వారం ఏం జరిగిందో ఊరకే రాయాలి. చివరికి చూస్తే మొదటి గుంపువాళ్లే తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నారు, రాబోయే వారం బాగుంటుందని ఎక్కువగా నమ్మారు. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన తోటివాళ్లు ఇంకొక పద్ధతి చేసి చూశారు. ఒక వారం పాటు ప్రతి రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు రాయాలి, పక్కనే అవి ఎందుకు జరిగాయో కూడా రాయాలి. దాని మేలు ఆర్నెల్ల తర్వాత కూడా కనిపించిందట.

ఖర్చు లేని పని కదా అని నేను పాత లెక్కల నోటులో మిగిలిన పేజీల్లో మొదలుపెట్టాను. మొదటి రాత్రి రాసినవి: అన్నం, ఇల్లు, అమ్మానాయన. రెండో రాత్రి: ఆరోగ్యం, చదువు, బడి. మూడో రాత్రి మళ్లీ అన్నం దగ్గరికే వచ్చాను. చదువుకుంటే హాజరు పట్టీ చదివినట్టు ఉంది. తర్వాత సెలిగ్‌మన్ పద్ధతిలో ‘ఎందుకు’ అని పక్కన ఒక గడి గీశాను. అప్పటినుంచి నోటు మారిపోయింది. ‘బస్సు దొరికింది.’ ఎందుకు? నేను పరుగెత్తుకొస్తుంటే డ్రైవరు అద్దంలో చూసి ఆపాడు కాబట్టి. రెండేళ్లుగా ఆ బస్సులోనే పోతున్నాను, ఆయన పేరు నాకు తెలియదు. ‘పొద్దున సంగటి వేడిగా ఉంది.’ ఎందుకు? అమ్మ నాలుగున్నరకే లేచింది కాబట్టి. అంత పొద్దున ఎందుకు? ఆరున్నరకు రోజా తోట వ్యాను వస్తుంది కాబట్టి. ఇట్లా ఒక ‘ఎందుకు’ ఇంకో ‘ఎందుకు’ను పిలుచుకొని వస్తుంది.

మా హోసూరు పక్కన పెద్ద పెద్ద ప్లాస్టిక్ కప్పుల కింద రోజాలు పెంచుతారు. ఫిబ్రవరి 14 కోసం అవి విదేశాలకు కూడా పోతాయి. అమ్మ అలాంటి ఒక తోటలో కోత పని చేస్తుంది. మొగ్గ విచ్చకముందే కొయ్యాలి. కోసిన వెంటనే నీళ్ల బకెట్లో నిలబెట్టాలి. కాడ పొడవును బట్టి వేరు చెయ్యాలి. ఇరవై పూలు ఒక కట్టగా అట్టలో చుట్టాలి, ఒక్క రేకు నలిగినా ఆ పూవు తీసెయ్యాలి. ఇదంతా నోటులో గడి నింపడానికి అమ్మను అడిగితే తెలిసింది. అంతకు ముందు ‘అమ్మ పూల పనికి పోతుంది’ అని మాత్రమే తెలుసు. ఫారాల్లో తల్లి ఉద్యోగం అన్నచోట కూలి అని రాసేదాన్ని, అంతే.

ఆ రాత్రి నాకు కలిగినదాన్ని ఒట్టి సంతోషం అనలేను. అమ్మ వేళ్ల మీద ముళ్లు గీరిన గీతలు కూడా అందులో ఉన్నాయి. అయినా మనసు నిండుగా అనిపించింది. నా ఒక్క రోజు గడవడానికి ఇంతమంది చేతులు పడుతున్నాయా అనుకున్నాను. ఆ పరిశోధకులు కొలిచింది దీన్నేనేమో.

ఇది విని నా స్నేహితురాలు ఒక ప్రశ్న వేసింది. “నీకు సంతోషం రావాలని కృతజ్ఞత చూపితే అది వ్యాపారం కాదా?” చాలా రోజులు ఆలోచించాను. నా అనుభవంలో ఇది నిద్ర లాంటిది. నిద్ర వచ్చిందా, వచ్చిందా అని చూసుకుంటూ పడుకుంటే రాదు. నాకెంత సంతోషం వచ్చిందని లెక్క చూసుకుంటూ రాసిన రాత్రి ఏమీ రాలేదు. డ్రైవరు గురించి ఆలోచించిన రాత్రి వచ్చింది. కాబట్టి వ్యాపారం చేద్దామనుకున్నా ఇందులో కుదరదు.

పెద్దవాళ్లు మాకు కృతజ్ఞత నేర్పే పద్ధతి ఒకటి ఉంది. చెప్పులు తెగిపోయాయని ఏడిస్తే, కాళ్లే లేనివాళ్లను చూసి తృప్తి పడు అంటారు. మార్కులు తగ్గాయంటే బడికే పోనివాళ్లను చూడమంటారు. ఈ పత్రిక అమ్మానాన్నలు కూడా చదువుతారు కాబట్టి మర్యాదగానే అడుగుతున్నాను: మరి ఆ కాళ్లు లేని మనిషి ఎవరిని చూసి తృప్తి పడాలి? ఆయన కష్టం నా సంతోషానికి మెట్టు కావడం నాకు బాగా అనిపించదు. అందులో మేలు చేసినవాళ్లు ఎవరూ లేరు, ఎరగడానికి చేసిన పనీ లేదు. నాకు ఉన్నది, ఆయనకు లేదు అన్న లెక్క ఒకటే ఉంది. దాన్ని కృతజ్ఞత అనడం నాకు ఇష్టం లేదు.

హక్కుగా వచ్చేదానికి కృతజ్ఞత అవసరమా అనేది ఇంకో చిక్కు. తమిళనాడులో కామరాజర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టడం పెద్ద ఎత్తున మొదలైంది. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని ఇంకా పెంచారు. 2013 ఆహార భద్రతా చట్టం ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు దాన్ని హక్కు చేసింది. హక్కు అయిన అన్నానికి చేతులు జోడించి నిలబడనక్కర లేదని నేను అనుకుంటాను. కానీ మా బడిలో వండే అక్క ఉంది. ఆమెకు జీతం వస్తుంది, నిజమే. ఒకటో తరగతి పిల్లలకు గుడ్డు పెంకు ఒలిచి, ఊది చల్లార్చి ఇమ్మని ఆ జీతంలో ఎవరూ రాయలేదు. అన్నం హక్కు. ఊది చల్లార్చడం ఆమెది. అట్లే ఒక ఏడు మాకు తెలుగు పుస్తకాలు ఆలస్యంగా వచ్చాయి. మా టీచర్ తన డబ్బుతో పాఠాలు జిరాక్సు తీయించి ఇచ్చారు. ఆమె చేసింది మేము మరువం. అంతమాత్రాన పుస్తకాలు వేళకు రావాలని అడగడం మానలేదు, ఆమె కూడా మానమనలేదు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అమ్మ పనిచోట జరిగినది. పోయిన ఎండాకాలం అక్కడి ఆడవాళ్లు, గ్లౌజులు చినిగిపోయాయి, కొత్తవి ఇప్పించండి అని అడిగారు. మేస్త్రీ “పని ఇచ్చినోళ్లకే ఎదురు మాట్లాడతారా? విశ్వాసం ఉండొద్దా?” అన్నాడట. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ అంది, “ఈ తోట వచ్చినాకే మనకు నెలనెలా కూలి వస్తా ఉండాది. అది నేను మరిచేదిలే. దానికీ గ్లౌజులకీ ఏం సంబంధం?”

విశ్వాసం అనే మాటను మనం కుక్కకు వాడతాం, పనివాళ్లకు వాడతాం. యజమానికి విశ్వాసం లేదు అని ఎవరూ అనగా నేను వినలేదు. ఇరవై పూల కట్టలు ఎన్ని కట్టిందో తోటవాళ్ల లెక్కలో ఉంటుంది, కట్టిన చేతులకు ఏమైందో ఉండదు. చేసిన మేలు ఎరగడం అనేది ఒకవైపు వాళ్లకే పాఠం అయితే అది నోరు మూయించే పని అవుతుంది. అమ్మ మాత్రం రెండూ కలిపెయ్యలేదు. మేలు మేలే, ముల్లు ముల్లే అన్నట్టు మాట్లాడింది. ఏ పుస్తకంలోనూ ఇంత తేటగా నేను చదవలేదు.

తర్వాత కొన్ని జతలు వచ్చాయి, అందరికీ కాదు. వంతులు వేసుకొని తొడుక్కుంటున్నారు. వచ్చే కూలి రోజున మళ్లీ అడగాలని, ఈసారి కాగితం మీద రాసి ఇవ్వాలని అనుకున్నారట. తమిళంలో రాయాలి కాబట్టి ఆ పని నాకు వచ్చింది. మొదట ఏమని రాయాలమ్మా అని అడిగితే, “పని ఇచ్చినందుకు నన్రి అని రాయి, దాని కింద గ్లౌజుల లెక్క రాయి” అంది. పదకొండు జతలు.