ఒక్కసారి బలి, మళ్లీమళ్లీ బల్ల

లేవీయకాండం చెప్పిన పద్ధతిలో, తప్పు చేసిన మనిషి పశువు తల మీద చెయ్యి పెట్టాలి. తర్వాత దాన్ని వధించేదీ అతనే. రక్తాన్ని బలిపీఠం దగ్గరికి తీసుకెళ్లడం యాజకుడి వంతు. తన మీద పడాల్సింది ఆ ప్రాణి మీద పడుతోందని ఆ చెయ్యే ఒప్పుకుంటుంది. మేకనో గొర్రెనో తేలేని పేదవాడు రెండు గువ్వలు తెచ్చేవాడు. వాటికీ గతిలేకపోతే కొలిచిన గోధుమపిండి తెచ్చినా పాపపరిహారార్థబలిగా చెల్లేది. రక్తం ఒక్కటే ముఖ్యమనుకునేవారు చూసీచూడనట్టు దాటిపోయే నియమం ఇది.

ఏడాదికోసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు ఒక్కడే రక్తంతో అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేవాడు. ఆ రోజు రెండు మేకల్లో ఒకటి బలయ్యేది. రెండోదాని తల మీద జనుల పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని అరణ్యంలోకి తోలేసేవారు. మరుసటేడు మళ్లీ అదే తంతు. ఈ ‘మళ్లీ’ని పట్టుకునే హెబ్రీయులకు రాసిన పత్రిక తన వాదనంతా నడిపింది. బాకీ నిజంగా తీరిపోతే ఏటేటా కడుతూ ఉండక్కర్లేదు. క్రీస్తు సిలువ మీద తననే అర్పించుకోవడం ఒక్కసారే జరిగింది, ఆ ఒక్కటే చాలు అన్నది దాని తీర్పు. అక్కడ యాజకుడూ ఆయనే, బలీ ఆయనే. మనిషి దేవుడి దగ్గరికి పశువును తోలుకొచ్చే వరస పోయి, దేవుడే మనిషికి ఇచ్చే వరస వచ్చింది.

బలి ఒక్కసారితో సరిపోయినప్పుడు రొట్టె, ద్రాక్షారసాల బల్ల ఎందుకు మళ్లీమళ్లీ వేస్తారు? జవాబు పస్కా పండుగలో ఉంది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రిని యూదులు ఏటా భోజనంతో తలుచుకుంటారు. ఎప్పుడో తాతల కాలంలో జరిగినదాన్ని తమకే జరిగినట్టు ఎంచి తింటారు. యేసు చివరి రాత్రి రొట్టె, గిన్నె శిష్యులకు ఇచ్చి, తనను జ్ఞాపకం చేసుకోవడానికి ఇలా చేయమన్నది ఆ పండుగ వేళలోనే. దాని గురించి మనకు దొరికే అన్నిటికన్నా పాత రాత సువార్తలది కాదు, క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికది. గిన్నెను పాపక్షమాపణతో నేరుగా ముడివేసిన మాట మత్తయి సువార్త ఒక్కదానిలోనే కనిపిస్తుంది. యోహాను రొట్టె, గిన్నెల ముచ్చటే ఎత్తకుండా, ఆ రాత్రి జరిగిన పాదాలు కడగడాన్ని చెప్పాడు.

రొట్టె ఇస్తూ యేసు ‘ఇది నా శరీరం’ అన్న మాటకు అర్థమేమిటన్న దగ్గర సంఘాలు చీలాయి. రొట్టె, ద్రాక్షారసాలు క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని 1215లో లాటరన్ మహాసభ ప్రకటించింది. పూజలో కొత్త బలి ఏదీ జరగదని, ఆ ఒక్క బలే మళ్లీ కళ్లముందుకు వస్తుందని కతోలికుల విశ్వాసం. 1529లో మార్బర్గ్‌లో ప్రొటెస్టంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఈ విషయం మీదే ఎదురెదురుగా కూర్చున్నారు. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో ఆ మాటనే రాసుకుని, పట్టిన పట్టు వదల్లేదు. అది గుర్తు మాత్రమేనన్న జ్వింగ్లీ కూడా మెత్తబడలేదు.

ఆ తేడాలు తెలుగు మాటల్లోనూ ఉన్నాయి. కతోలికులకు ఇది దివ్యసత్ప్రసాదం. తక్కినచోట్ల సంస్కారం, ప్రభు రాత్రి భోజనం, రొట్టె విరవడం, లేదా ఒక్క ముక్కలో ‘బల్ల’. ఒకచోట గురువు పల్చని అప్పాన్ని చేతిలోనో నాలుక మీదో పెడతాడు. మరోచోట తెల్లగుడ్డ తీయగానే చిల్లుల పళ్లెంలో వేలెడైనా లేని గ్లాసులు, వాటి నిండా ద్రాక్షరసం, పక్కన రొట్టె ముక్కలు. అందరూ ఒకే పాత్రలోంచి తాగే పద్ధతి కొన్ని సంఘాల్లో ఉంది. ఎంగిలి, పంక్తిభేదం పట్టింపులు బలంగా ఉన్న నేల మీద అది చిన్న విషయం కాదు. 1912లో దోర్నకల్ తొలి బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య అధ్యక్ష మండలంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. వేరే కులాల నుంచి వచ్చినవారూ అదే బల్ల దగ్గర వారి పక్కనే మోకరించాల్సి ఉండేది.

పౌలు కొరింథీయులను కోప్పడింది కూడా పంక్తి దగ్గరే. అక్కడ కలిగినవాళ్లు తమ భోజనం ముందే తినేసి తాగి మత్తెక్కితే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ ఉండేవారు. అయోగ్యంగా తినొద్దన్న ఆయన హెచ్చరిక ఆ సందర్భంలోదే, దాని వెంటే ఒకరికోసం ఒకరు ఆగమనే మాటా ఉంది. ఇప్పుడు చాలామంది ఆ హెచ్చరికను సొంత పాపాల లెక్కగా మాత్రమే చదువుకుని బల్లకు దూరంగా కూర్చుంటారు. ఇరుగుపొరుగుతో తగువు తీరని మనిషి వెనక్కి తగ్గడంలో మాత్రం పౌలు ఉద్దేశం ఇంకా మిగిలే ఉంది.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన సంస్కార ఆరాధనలో సమాధాన వందనానికి చోటిచ్చింది. బల్ల దగ్గర గురువు ఒకరి అరచేతిని తన చేతుల మధ్యకు తీసుకుంటాడు. ఆ మనిషి పక్కవారి చేతిని, వారు ఆ పక్కవారి చేతిని. అలా ఆ వందనం వరస వెంట వరస చివరి బెంచీ దాకా వెళ్తుంది. రొట్టె విరిచేది ఆ తర్వాతే.